టర్బో ఇంజిన్లలో బూస్ట్ నియంత్రణ: పద్ధతుల చరిత్ర, ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- టర్బోచార్జర్ ఎలా పనిచేస్తుందో, దానికి అదుపు ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
- బూస్ట్‌ను అదుపు చేసే పద్ధతులు 1905 నుంచి నేటి వరకు ఏ కారణాల వల్ల వచ్చాయో చెప్పగలుగుతారు.
- ఉత్తర తెలంగాణలో మనకు తెలిసిన యంత్రాలతో, నీటి కట్టడాలతో ఈ పద్ధతులను పోల్చగలుగుతారు.
- ఒక కారుకు తగిన పద్ధతిని ఎంచుకునే ముందు ఏ ప్రశ్నలు వేసుకోవాలో గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చెరువు ఉన్న ఏ ఊరివారికైనా మూడు మాటలు తెలుసు. నీళ్లను నిలిపేది కట్ట. పొలానికి వదిలేది తూము. నిండిన తరువాత మిగులు నీటిని దానంతట అదే బయటికి పంపేది మత్తడి. కోస్తా ప్రాంతంలో దీనినే అలుగు, కలుజు అంటారు. కట్ట ఎంత గట్టిదైనా మత్తడి సరిగా లేకపోతే ఒక్క పెద్ద వానకే చెరువు తెగుతుంది.

టర్బో ఇంజిన్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. టర్బోచార్జర్ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపుతుంది. వాతావరణ పీడనం కన్నా ఎక్కువగా ఉండే ఆ ఒత్తిడినే బూస్ట్ అంటారు. బూస్ట్ పెరిగితే శక్తి పెరుగుతుంది, మితి మీరితే ఇంజిన్ పగులుతుంది. కాబట్టి టర్బో కనిపెట్టిన నాటి నుంచి దానికి మత్తడి ఎలా కట్టాలన్న ప్రశ్న వెంటే ఉంది.

యంత్రాల చరిత్రను సాధారణంగా 'పాతది పోయింది, మెరుగైనది వచ్చింది' అనే వరుసలో చెబుతారు. బూస్ట్ నియంత్రణ చరిత్ర ఆ వరుసలో ఇమడదు. ఇందులో వచ్చిన ప్రధాన పద్ధతులన్నీ ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వాడుకలో ఉన్నాయి. ఏ పద్ధతి ఎక్కువ శక్తి ఇస్తుందన్న ప్రశ్న ఒక్కటే ఎంపికను నిర్ణయించలేదు. అది చెడిపోయిన రోజున ఏం జరుగుతుంది, దాన్ని రోజూ చూసుకునేది ఎవరు అన్న రెండు ప్రశ్నలు అంతే బలంగా నిర్ణయించాయి. ఈ పాఠంలోని వాదన ఇదే. కింది ఉదాహరణలను ఈ దృష్టితో చదవండి.

2. ఒత్తిడిని అదుపు చేసిన పాత పద్ధతులు

టర్బో కన్నా ముందే మనిషి ఒత్తిడిని మూడు విధాలుగా అదుపు చేశాడు.

మొదటిది కదిలే భాగమేదీ లేని పద్ధతి. మత్తడి ఇలాంటిది. దాని ఎత్తును, వెడల్పును కట్టిన రోజే నిర్ణయిస్తారు. ఆ తరువాత అది మనిషి కోసం ఎదురుచూడదు. అర్ధరాత్రి వరద వచ్చినా పొర్లుతుంది. అయితే దాని మట్టాన్ని అవసరాన్ని బట్టి మార్చుకోలేం.

రెండవది మనిషి చేతిలో ఉండే పద్ధతి. తూము ఇలాంటిది. ఎంత నీరు వదలాలో నీరటి చూసి నిర్ణయిస్తాడు. పంట దశను బట్టి, వానను బట్టి మార్చగలడు. కానీ నీరటి అక్కడ ఉండాలి, మెలకువగా ఉండాలి.

మూడవది యంత్రమే తన స్థితిని తాను గమనించి సర్దుకునే పద్ధతి. ఆవిరి యుగం దీన్ని ముందుకు తెచ్చింది. 17వ శతాబ్దం చివరలో డెనిస్ పాపిన్ తన ఆవిరి పాత్రకు బరువుతో మూసుకునే సేఫ్టీ వాల్వ్ అమర్చాడు. మన వంటింట్లో ప్రెషర్ కుక్కర్ మీద పెట్టే విజిల్ దాని వారసురాలే. లోపలి ఒత్తిడి బరువును మించగానే ఆవిరి బయటికి పోతుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజిన్‌కు గవర్నర్ అమర్చాడు. వేగం పెరిగితే తిరిగే గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి, వేగం తగ్గితే కిందికి దిగి ఆవిరిని పెంచుతాయి. ఫలితాన్ని కొలిచి, దాన్నిబట్టి కారణాన్ని సరిదిద్దడమే ఇక్కడ సూత్రం. ఇంజినీర్లు దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. 1983లో మొదటి యూనిట్ ప్రారంభమైన రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రంలో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఆవిరి టర్బైన్లను ఆ వేగం దగ్గర నిలిపేది కూడా గవర్నర్ వ్యవస్థే. గుండ్ల స్థానంలో ఇతర సాధనాలు వచ్చాయి కానీ సూత్రం మారలేదు.

ఈ కాలం నుంచి మనం గుర్తుంచుకోవలసిన ఘటన ఒకటి ఉంది. 1831లో అమెరికాలో 'బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్ల్స్‌టన్' అనే రైలింజిన్ బాయిలర్ పేలిపోయింది. సేఫ్టీ వాల్వ్ నుంచి వచ్చే ఆవిరి చప్పుడు భరించలేక ఫైర్‌మన్ దాన్ని బిగించి పట్టడమే కారణమని చెబుతారు. వాల్వ్‌లో లోపం లేదు. అది తన పని చేస్తుంటే మనిషి దాన్ని మోసం చేశాడు. ఈ మాట ముందు మళ్లీ అవసరమవుతుంది.

3. టర్బోచార్జర్: పుట్టుక, స్వభావం

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో టర్బోచార్జర్‌కు పేటెంట్ పొందాడు. ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగలో చాలా శక్తి వృథాగా పోతుంది. ఆ పొగతో ఒక టర్బైన్ చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద రెండో చివర ఉన్న కంప్రెసర్ చక్రంతో గాలిని ఇంజిన్‌లోకి నెట్టాలన్నది అతని ఆలోచన. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజిన్లకు దీన్ని అమర్చినప్పుడు ఒక్కొక్క ఇంజిన్ శక్తి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది.

ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. ఎక్కువ గాలి ఎక్కువ ఇంధనాన్ని మండిస్తుంది. దానివల్ల ఎక్కువ పొగ వస్తుంది. ఆ పొగ టర్బైన్‌ను ఇంకా వేగంగా తిప్పుతుంది. అప్పుడు మరింత గాలి వస్తుంది. అంటే ఇది తనను తానే పెంచుకునే చక్రం. వాట్ గవర్నర్ తప్పును తగ్గిస్తే, టర్బో తన వేగాన్ని తానే హెచ్చిస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఒత్తిడి, వేడి హద్దు దాటితే స్పార్క్ రగిలించిన మంట తన దాకా చేరకముందే మిగిలిన ఇంధనం దానంతట అదే అంటుకుని కొడుతుంది. దీన్ని నాకింగ్ అంటారు. అది కొనసాగితే పిస్టన్ కరుగుతుంది, లేదా పగులుతుంది.

ఓడ ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. కాబట్టి టర్బో పరిమాణాన్ని ఆ ఒక్క వేగానికి సరిపోయేలా ఎంచుకుంటే చాలు. వేరే అదుపు అక్కరలేదు. ఇది మత్తడి పద్ధతి. పరిస్థితులు మారుతూ ఉండే చోట మాత్రం ఇది సరిపోదు. విమానంలో ఆ సంగతి తేలింది.

4. విమానాలు: మనిషి చేతి నుంచి యంత్రం చేతికి

ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలుచబడుతుంది, ఇంజిన్ శక్తి తగ్గుతుంది. 1918లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను 14,109 అడుగుల పైక్స్ పీక్ పర్వతం మీదికి తీసుకువెళ్లి పరీక్షించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ శిఖరం మీద 230కి పడిపోయింది. టర్బో జతచేయగానే 356కు చేరింది.

అయితే శిఖరం మీద సరిపోయే టర్బో నేల దగ్గర మితి మీరిన ఒత్తిడి ఇస్తుంది. అందుకే టర్బైన్‌కు వెళ్లే పొగలో కొంత భాగాన్ని పక్కదారిలో బయటికి వదిలే తలుపు పెట్టారు. అదే వేస్ట్‌గేట్. పొగను ఎంత వదలాలో మొదట్లో పైలటే చేత్తో నిర్ణయించేవాడు. అంటే అది తూము పద్ధతి, నీరటి స్థానంలో పైలట్. యుద్ధంలో నాలుగు ఇంజిన్ల బాంబర్ నడిపేవాడికి ఇది మోయలేని భారం. రెండవ ప్రపంచ యుద్ధపు బి-17 విమానాల్లో మొదట ఆయిల్‌తో పనిచేసే రెగ్యులేటర్లు పెట్టారు. అతిశీతలమైన ఎత్తుల్లో ఆ ఆయిల్ గడ్డకట్టి రెగ్యులేటర్ ఆలస్యంగా స్పందించేది, టర్బో హద్దు మీరి తిరిగేది. తరువాత హనీవెల్ సంస్థ తయారుచేసిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వచ్చింది. నాలుగు టర్బోలనూ పైలట్ ఒకే మీట తిప్పి అదుపు చేయగలిగాడు.

బూస్ట్‌కు ఎలక్ట్రానిక్ అదుపు కార్లతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది 1940లలోనే వచ్చింది. దానికి కారణం ఎక్కువ శక్తి కోసం ఆరాటం కాదు, చలిలో ఆయిల్ చెడగొట్టిన అదుపును నమ్మకంగా నిలబెట్టుకోవలసిన అవసరం.

5. 1962: ఒకే సంస్థ, రెండు దారులు

ప్రజలు కొనుక్కునే కార్లలోకి టర్బో 1962లో వచ్చింది. జనరల్ మోటార్స్‌కు చెందిన రెండు విభాగాలు ఒకే ఏడాది రెండు కార్లు తెచ్చాయి. మన పాఠానికి ఇవి చాలా ముఖ్యమైనవి.

షెవ్రొలే విభాగం తెచ్చిన కోర్వేర్ మోంజా స్పైడర్‌లో వేస్ట్‌గేట్ లేదు. లోపలికి గాలి పోయే దారి, బయటికి పొగ పోయే దారి ఇరుకుగా ఉండేలా చూసి, బూస్ట్ ఒక హద్దు దాటకుండా చేశారు. శక్తి 150 హార్స్‌పవర్. పద్ధతి మొరటుగా కనిపిస్తుంది కానీ, చెడిపోవడానికి అందులో విడిగా ఏమీ లేదు.

ఓల్డ్స్‌మొబైల్ విభాగం తెచ్చిన జెట్‌ఫైర్‌లో వేస్ట్‌గేట్ ఉంది. 3.5 లీటర్ల ఇంజిన్ నుంచి 215 హార్స్‌పవర్ రాబట్టారు. నాకింగ్ రాకుండా, నీరు, మిథనాల్ కలిపిన ఒక ద్రవాన్ని ఇంజిన్‌లోకి చల్లే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం అయిపోతే మరో కవాటం మూసుకుని బూస్ట్‌ను తగ్గించేది. ఇంజినీరింగ్ పరంగా ఇది చాలా ముందుచూపు గల ఏర్పాటు. కానీ కారు కొన్నవారిలో చాలామంది ద్రవం నింపలేదు. కారు నీరసంగా నడుస్తోందని ఫిర్యాదు చేశారు. రెండేళ్లలో సుమారు 9,600 కార్లే తయారయ్యాయి. చివరకు టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇవ్వడానికి కంపెనీ సిద్ధపడింది.

జెట్‌ఫైర్‌లో లోపం యంత్రానిది కాదు. యంత్రం కోరే శ్రద్ధకూ, యజమాని చూపగలిగే శ్రద్ధకూ మధ్య ఉన్న దూరానిది. నీరటి లేని ఊళ్లో తూము మీద ఆధారపడి చెరువు కట్టినట్టయింది.

6. పందెపు కార్లు: తిప్పుడు మీట, దాని హద్దులు

1970లలో పోర్షే సంస్థ పందెపు కార్లలో వేస్ట్‌గేట్‌ను నమ్మకమైన సాధనంగా తీర్చిదిద్దింది. 1973 నాటి 917/30 కారు 1,100 హార్స్‌పవర్ ఇచ్చేది. బూస్ట్‌ను పెంచడానికి, తగ్గించడానికి డ్రైవరు దగ్గరే ఒక మీట ఉండేది. ఆ అనుభవంతోనే 911 టర్బో రోడ్ల మీదికి వచ్చింది. 1977లో రెనో సంస్థ ఫార్ములా వన్ పోటీల్లోకి టర్బో తెచ్చింది, 1979లో మొదటి విజయం సాధించింది. 1980ల నడిమికి కేవలం 1.5 లీటర్ల ఇంజిన్లు 1,000 హార్స్‌పవర్ దాటాయి.

అప్పుడు నియమాలు రాసేవారే మత్తడి కట్టవలసి వచ్చింది. 1987లో ప్రతి ఇంజిన్‌కూ 4 బార్ దగ్గర తెరుచుకునే పాప్-ఆఫ్ వాల్వ్ తప్పనిసరి చేశారు. 1988లో దాన్ని 2.5 బార్‌కు తగ్గించారు. 1989లో టర్బోలనే నిషేధించారు. పందెంలో ఇంజిన్ రెండు గంటలు నిలిస్తే చాలు. అర్హత పోటీల్లో కొన్ని చుట్లు నిలిచినా సరిపోతుంది. అక్కడ తిప్పుడు మీటకు అర్థం ఉంది. పదేళ్లు నడవవలసిన కారుకు అదే పద్ధతి తెచ్చి పెట్టేవారు ఈ తేడాను మరవరాదు.

7. వినే యంత్రం, మారే టర్బైన్

స్వీడన్‌కు చెందిన సాబ్ సంస్థ 1970ల చివర వేరే దారి పట్టింది. గరిష్ఠ వేగం కోసం కాక, మామూలు రోడ్డు మీద పికప్ కోసం చిన్న టర్బో వాడింది. 1980ల మొదట్లో ఏపీసీ అనే ఏర్పాటు తెచ్చింది. ఇంజిన్ మీద ఒక సెన్సర్ నాకింగ్‌ను గుర్తిస్తుంది. నాకింగ్ మొదలవగానే ఎలక్ట్రానిక్ పెట్టె ఒక సోలనాయిడ్ వాల్వ్ ద్వారా వేస్ట్‌గేట్‌ను తెరిపించి బూస్ట్ తగ్గిస్తుంది. నాసిరకం పెట్రోలు పోసినా ఇంజిన్ దెబ్బతినదు, మంచి పెట్రోలు పోస్తే ఎక్కువ శక్తి ఇస్తుంది. అంతవరకు అదుపు ఒత్తిడిని మాత్రమే కొలిచేది. ఇప్పుడు ఆ ఒత్తిడి ఇంజిన్‌ను ఏం చేస్తోందో కూడా వింటోంది.

మరో దారి వేరియబుల్ జామెట్రీ టర్బో. ఇందులో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు ఉంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దారిని ఇరుకు చేసి పొగ వేగం పెంచుతాయి, జోరుగా తిరిగేటప్పుడు దారిని వెడల్పు చేస్తాయి. మిగులును పారబోయడం కాకుండా వాగు వెడల్పునే మార్చడం వంటిదిది. 1989లో షెల్బీ సీఎస్ఎక్స్ అనే కారులో దీన్ని వాడారు. డీజిల్ కార్లలో బాగా వ్యాపించింది. పెట్రోలు ఇంజిన్ పొగ మరింత వేడిగా ఉంటుంది కాబట్టి అందుకు తట్టుకునే లోహాలు కావలసి వచ్చాయి. పోర్షే 911 టర్బోలోకి ఇది 2006లో వచ్చింది.

8. ఉత్తర తెలంగాణలో టర్బో

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా సాగుతుంది. విద్యుదీకరణకు ముందు ఈ మార్గంలో బొగ్గు రైళ్లను లాగిన డీజిల్ ఇంజిన్లలో డబ్ల్యూడీఎం-2 ప్రధానమైనది. 1964 నుంచి వారణాసిలో తయారైన ఈ ఇంజిన్‌కు 16 సిలిండర్లు, ఒక పెద్ద టర్బో, 2,600 హార్స్‌పవర్. దీని టర్బోకు వేస్ట్‌గేట్ లేదు. ఓడ ఇంజిన్ లాగానే, టర్బో పరిమాణమే దాని హద్దు. బండి కదిలేటప్పుడు లేచే నల్లటి పొగ చూసినవారు మీలో ఉంటారు. ఇంధనం ముందు వచ్చి, టర్బో వేగం అందుకునే దాకా గాలి వెనకబడడమే దానికి కారణం. పొగ వచ్చినా ఆ పద్ధతిని రైల్వే దశాబ్దాల పాటు వాడింది. బరువు లాగే ఇంజిన్‌కు చురుకుదనం కన్నా నిలకడ ముఖ్యం.

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు, మట్టి మోసే డంపర్లలోనూ టర్బో డీజిల్ ఇంజిన్లే ఉంటాయి. అక్కడ అసలు శత్రువు దుమ్ము. గాలి ఫిల్టర్ మూసుకుపోతే ఏ నియంత్రణ పద్ధతైనా వ్యర్థమే. లారీల విషయానికి వస్తే, భారత్ స్టేజ్ కాలుష్య నియమాలు బిగిసేకొద్దీ టర్బో సర్వసాధారణమైంది.

కార్లలో మనకు చక్కటి పోలిక దొరుకుతుంది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను మారుతీ సంస్థ 2007లో స్విఫ్ట్‌లో పెట్టింది. అందులో మామూలు టర్బో, 75 హార్స్‌పవర్. అదే ఇంజిన్‌కు వేరియబుల్ జామెట్రీ టర్బో జతచేసి 2011లో ఎస్ఎక్స్4లోనూ, 2012లో ఎర్టిగాలోనూ 90 హార్స్‌పవర్‌తో ఇచ్చింది. ఇంజిన్ పరిమాణం ఒకటే అయినా అదుపు పద్ధతి మారడంతో స్వభావం మారింది. ఒకే సంస్థ రెండింటినీ పక్కపక్కనే అమ్మింది. సరళమైనది తక్కువ ధర కారుకు, ఖరీదైనది పెద్ద కారుకు అన్నది దాని లెక్క. చురుకైన పెట్రోలు కార్లలో 2004 నాటి స్కోడా ఆక్టావియా ఆర్ఎస్, 2013 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ యువతను ఆకర్షించాయి. బూస్ట్ పెంచుకోవాలన్న కోరిక ఎక్కువగా ఇటువంటి కార్ల యజమానుల్లోనే కనిపిస్తుంది.

9. ఎంపిక: నాలుగు పద్ధతులు, నాలుగు ప్రశ్నలు

నేడు చురుకైన కారు యజమాని ముందు నాలుగు దారులు ఉన్నాయి.

ఒకటి, వేస్ట్‌గేట్ స్ప్రింగ్ మాత్రమే. ఒక డయాఫ్రమ్‌కు ఒక పక్క స్ప్రింగ్, మరో పక్క బూస్ట్ ఒత్తిడి ఉంటాయి. ఒత్తిడి స్ప్రింగ్‌ను మించితే తలుపు తెరుచుకుంటుంది. కుక్కర్ విజిల్ సూత్రమే ఇది.

రెండు, చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్. డయాఫ్రమ్‌కు వెళ్లే గొట్టంలో చిన్న వాల్వ్ పెట్టి కొంత ఒత్తిడిని బయటికి వదిలేస్తారు, లేదా అడ్డుకుంటారు. దాంతో ఒత్తిడి ఇంకా తక్కువగానే ఉందని డయాఫ్రమ్ భ్రమపడి తలుపును ఆలస్యంగా తెరుస్తుంది. చవక, తేలిక. అయితే ఇది విజిల్ మీద అదనంగా బరువు పెట్టడమే. 1831 నాటి ఫైర్‌మన్‌ను గుర్తు తెచ్చుకోండి.

మూడు, ఎలక్ట్రానిక్ కంట్రోలర్. ముందే నిర్ణయించిన లెక్క ప్రకారం సోలనాయిడ్‌ను నడిపేది ఒక రకం. బూస్ట్‌ను కొలుస్తూ, తప్పును సరిదిద్దుకుంటూ నడిపేది రెండో రకం. దీనికి నాకింగ్ సెన్సర్ కూడా తోడైతే ఇంజిన్‌కు మంచి రక్షణ ఉంటుంది.

నాలుగు, వేరియబుల్ జామెట్రీ టర్బో. విడిగా బిగించుకునే భాగం కాదిది. ఇంజిన్ రూపకల్పనలోనే ఉండాలి.

వీటిలో ఎంచుకునే ముందు కింది ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: చెడిపోతే ఏ వైపు చెడుతుంది? ఇది అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఏర్పాట్లలో సోలనాయిడ్‌కు కరెంటు తీగ ఊడిపోతే బూస్ట్ స్ప్రింగ్ హద్దుకు పడిపోతుంది. కారు నీరసపడుతుంది కానీ ఇంజిన్ బతుకుతుంది. అదే డయాఫ్రమ్‌కు వెళ్లే రబ్బరు గొట్టం ఊడితే తలుపు తెరుచుకోదు, బూస్ట్ హద్దు లేకుండా పెరుగుతుంది. చేతి కంట్రోలర్‌తో గొట్టాలు, అతుకులు పెరుగుతాయి కాబట్టి ఈ ప్రమాదమూ పెరుగుతుంది. వేరియబుల్ జామెట్రీ రెక్కలు మసి పట్టి ఇరుకు స్థితిలో బిగుసుకుపోతే అప్పుడూ బూస్ట్ మితి మీరుతుంది.

ఈ ప్రశ్న ఎంత పెద్దదో ఆదిలాబాద్ ప్రజలకు కడెం ప్రాజెక్టు చూపించింది. 1958లో వరద కట్ట మీదుగా పొర్లి గండి పడింది. 2022 జూలైలో సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగల ప్రాజెక్టుకు సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 18 గేట్లలో 17 తెరుచుకున్నాయి, ఒకటి మొరాయించింది. దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఎడమ కాలువ వైపు గండి పడి, ప్రాజెక్టు మాత్రం నిలిచింది. గేట్లు మత్తడి కన్నా గొప్పవి. నీటిని ఎక్కువ ఎత్తున నిలుపుతాయి, కావలసినప్పుడు వదులుతాయి. కానీ అవి తెరుచుకోవలసిన ఒక్క రోజు కోసం మిగిలిన రోజులన్నీ వాటిని చూసుకోవాలి. కదిలే భాగంతో వచ్చే సౌకర్యానికి చెల్లించే మూల్యం ఇదే. అది ప్రాజెక్టు గేటైనా, అరచేతిలో పట్టే వేస్ట్‌గేట్ అయినా సూత్రం ఒక్కటే.

రెండవ ప్రశ్న: వాతావరణం మారితే అదుపు సర్దుకుంటుందా? చలికాలంలో ఆదిలాబాద్ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది. డిసెంబరులో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన బూస్ట్ మే మధ్యాహ్నం నాకింగ్ తెస్తుంది. చేతి కంట్రోలర్‌కు కాలం మారిన సంగతి తెలియదు. నాకింగ్ సెన్సర్‌తో కూడిన ఎలక్ట్రానిక్ అదుపుకు తెలుస్తుంది. మన ప్రాంతంలో పెట్రోలు కారుకు ఈ ఒక్క కారణమే ఎంపికను చాలావరకు తేలుస్తుంది.

మూడవ ప్రశ్న: చూసుకునేది ఎవరు? జెట్‌ఫైర్ పాఠం ఇక్కడ వర్తిస్తుంది. గొట్టాలను, ఫిల్టర్‌ను, ఇంజిన్ ఆయిల్‌ను క్రమంగా చూసే అలవాటు యజమానికి ఉందా? ఎలక్ట్రానిక్ లోపాన్ని చదవగల పరికరం, దాన్ని అర్థం చేసుకోగల మెకానిక్ దగ్గరలో ఉన్నారా? లేకపోతే కంపెనీ ఇచ్చిన స్ప్రింగ్ హద్దులోనే ఉండడం తెలివైన నిర్ణయం.

నాలుగవ ప్రశ్న: మిగతా యంత్రం, చట్టం ఒప్పుకుంటాయా? బూస్ట్ పెంచితే ఇంధనం పెంచాలి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ సరిపోవాలి, క్లచ్, బ్రేకులు తట్టుకోవాలి. మత్తడి ఎత్తు పెంచేవాడు ముందు కట్టను చూడాలి కదా. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. వారంటీ, బీమా చిక్కులు దీనికి అదనం.

ఈ నాలుగు ప్రశ్నలకూ కలిపి చూస్తే, రోజూ నడిపే పెట్రోలు కారుకు, ఒత్తిడిని, నాకింగ్‌ను రెండింటినీ గమనించే ఎలక్ట్రానిక్ అదుపు, దాని వెనుక తక్కువ హద్దు గల స్ప్రింగ్ తగిన జోడీ. ఎలక్ట్రానిక్ అదుపు నీరటి వంటిది, స్ప్రింగ్ మత్తడి వంటిది. నీరటి రాని రోజున మత్తడి కాపాడుతుంది. చేతి కంట్రోలర్ పందెపు మైదానంలో, పక్కన కొలిచే పరికరాలు, చూసే మనిషి ఉన్నచోట మాత్రమే సమంజసం.

10. సారాంశం

టర్బో తన వేగాన్ని తానే హెచ్చించుకునే యంత్రం కాబట్టి దానికి అదుపు తప్పనిసరి. ఓడల్లో, రైలింజిన్లలో పరిమాణమే అదుపు అయింది. విమానాల్లో పైలట్ చేతి నుంచి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కు మారింది. 1962 నాటి రెండు కార్లు సరళతకూ సామర్థ్యానికీ మధ్య ఉన్న ఎంపికను స్పష్టంగా చూపాయి. పందెపు కార్లు బూస్ట్‌ను అంచుల దాకా తీసుకువెళ్లగా, నియమాలు దాన్ని వెనక్కి తెచ్చాయి. సాబ్ ఏర్పాటుతో అదుపు ఇంజిన్ స్థితిని గమనించడం నేర్చింది. వేరియబుల్ జామెట్రీ మిగులును వదలకుండా దారినే మార్చింది. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. చెడిపోయినప్పుడు భద్రమైన వైపు చెడేది, చూసుకోవడానికి మనిషి ఉన్నది మంచి పద్ధతి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బూస్ట్ అంటే ఏమిటి? టర్బోచార్జర్ తన వేగాన్ని తానే ఎలా హెచ్చించుకుంటుంది?
2. పైక్స్ పీక్ పరీక్ష ఏమి నిరూపించింది?
3. డయాఫ్రమ్ గొట్టం ఊడితే ఏమవుతుంది? సోలనాయిడ్ తీగ ఊడితే ఏమవుతుంది?

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. కోర్వేర్ మోంజా స్పైడర్, జెట్‌ఫైర్ కార్ల నియంత్రణ పద్ధతులను పోల్చి, వాటి నుంచి గ్రహించవలసిన పాఠాలను చర్చించండి.
2. మీ ఊరి చెరువు మత్తడిని, తూమును పరిశీలించి, వాటిని ఎవరు, ఎప్పుడు బాగుచేస్తారో తెలుసుకోండి. దాని ఆధారంగా బూస్ట్ నియంత్రణ పద్ధతుల ఎంపికపై వ్యాసం రాయండి.